పుంతకి నోటీసు ఎవరి పేరున పంపుతారు?

మా పంచాయతీ పెద్దలకి, సచివాలయంలో సర్వేయరు గారికి, రెవెన్యూ వారికి, ఏటిగట్టు చూసే ఇంజనీరు గార్లకి నమస్కారం.

మా ఊరి పుంత దారి ఇరుకైపోతోందని నలుగురికీ నాలుగు అర్జీలు రాసే ఓపిక అయిపోయింది. పంచాయతీకి వెళ్తే అది రెవెన్యూ పోరంబోకండి అన్నారు, అక్కడికి వెళ్తే ముందు కొలత తేలాలి, సర్వే వాళ్ళని అడగండి అన్నారు, సర్వే వాళ్ళేమో గట్టు దాటాక మా చేతిలో లేదన్నారు, గట్టు ఆఫీసులో మాత్రం కుర్చీ వేసి టీ ఇచ్చి, మీరు చెప్పే గొడవ గట్టుకి ఇవతల కదండీ అన్నారు. టీ బాగుంది. పనే జరగలేదు. అందుకే అందరూ చూసేలా ఒకే ఉత్తరం రాస్తున్నాను, ఎవరి ముక్క వారు విడదీసుకుని చదువుకోండి.

సంగతి మా రేవు పుంత గురించి. గోదావరి జిల్లాల వాళ్ళకి పుంత అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గుంటూరు వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు. బళ్ళూ గొడ్లూ మనుషులూ పొలానికీ ఏటికీ పోయే మట్టి దారి. మాది గోదావరి పాయ గౌతమి ఒడ్డున కోనసీమ ఊరు, ఊళ్ళోంచి ఏటిగట్టు దాకా ఒక కిలోమీటరున్నర, గట్టు దిగాక లంకలోంచి, అంటే గట్టుకీ ఏటికీ మధ్య నేలలోంచి, రేవు దాకా ఇంకో కిలోమీటరు చిల్లర, ఆ మొత్తం దూరం ఒకటే పుంత.

నాకు షుగర్ అని తేలాక డాక్టరు రోజూ గంట నడవమన్నాడు. మెయిన్ రోడ్డు మీద నడుద్దామంటే ఇసుక లారీలు, రొయ్యల వ్యాన్లు, వాటి వెనక కారే ఐసు నీళ్ళు. రెండు రోజులు చూసి పుంత పట్టాను. ఇప్పటికి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో షుగర్ ఎంత తగ్గిందో గానీ పుంత మాత్రం బాగా తగ్గింది.

రామాలయం వెనక సీసీ రోడ్డు ఆగిపోయిన చోట ఇది మొదలవుతుంది. ముందు కొబ్బరి తోటలు, వాటి నీడలో కంద, అరటి, ఒకరిద్దరి తోటల్లో కోకో. కోకో ఉన్న చోట నేల కనపడదు, మడమ లోతు ఎండుటాకే, పొద్దున మంచు వేళ ఎవరైనా ఎదురొస్తుంటే మనిషి కంటే ముందు ఆకుల చప్పుడు వస్తుంది. తోటలు దాటితే బోదె, అంటే పిల్లకాలువ. బోదె దగ్గర పుంత ఊరికే ఒక వంకర తిరుగుతుంది, కాలువ తవ్వినప్పుడు దారిని అలా తిప్పారని మా నాన్న చెప్పేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, మా కాలువలు దాని తర్వాతవే కదా, ఆ మాట నిజమైతే మా పుంత కాటన్ దొర కంటే పాతది. కాదన్నా నేనేమీ పోట్లాడను. బోదె మీద ఒకప్పుడు తాటిదూలం ఉండేది, అది పుచ్చిపోయాక రెండు సిమెంటు పైపులు వేస్తామన్నారు, వేయలేదు, గెంతుతున్నాం. గెంతలేని వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతున్నారు.

అక్కడినుంచి రెండు వైపులా వరి. ఇప్పుడు సార్వా కోతలు. కోసిన చేలల్లో ఓదెలు పరిచి ఉన్నాయి, కోయని చేలల్లో కంకి వంగి గట్టు మీదికి వాలుతోంది, ట్రాక్టరు తిరిగే చోటల్లా కొంగలు తెల్ల రుమాళ్ళు పారేసినట్టు. తర్వాత గట్టు ఎక్కాలి. ఎక్కి ఒక్క నిమిషం నిలబడతాను, ఆయాసం తీర్చుకోవడానికి అని ఇంట్లో చెబుతాను గానీ చూడటానికే. లంక అంతా బీడు, గరిక, తుంగ, ఏటి వారకి రెల్లు. ఆశ్వయుజంలో ఆ రెల్లు పూస్తే, గాలి వీచినప్పుడు ఏరు ఎక్కడ ఆగి గడ్డి ఎక్కడ మొదలైందో తెలియదు. ఇప్పుడు పూత రాలిపోయి బూడిద రంగుకి తిరిగింది. గేదెలు మంచులో సగం సగం కనపడతాయి, పైన వీపు ఉంటుంది, కాళ్ళుండవు.

బీడు మధ్యలో వంగ, బెండ, మిరప మళ్ళు. వరద తీశాక మిగిలిన ఒండ్రు ఎండి పలకలు పలకలుగా పగులుతుంది, చెప్పుల్లేకుండా దాని మీద నడిస్తే అప్పడాలు తొక్కినట్టు ఉంటుంది. నా వయసు వాడు ఇలాంటివి చేయకూడదు. షుగర్ ఉన్నవాడు అసలు చేయకూడదు.

ఇదంతా మీకు తెలియదని కాదు. ఈ పుంత అక్కర్లేని పాత దారి అని మీలో ఒకరు అన్నారు కాబట్టి రాస్తున్నాను. పొద్దున ఆరు నుంచి ఏడు లోపల ఒక్క గంటలో నాకు ఎదురయ్యే వాళ్ళు వీళ్ళు: పాల క్యాన్లు సైకిలుకి కట్టుకున్న వాళ్ళు నలుగురైదుగురు, కూరగాయల బస్తాతో మోపెడ్లు, వలలు భుజాన వేసుకుని రేవుకెళ్ళే వాళ్ళు, కోతకెళ్ళే ఆడవాళ్ళు ఒక గుంపు, గడ్డికెళ్ళే ముసలమ్మలు. నాలాగా ఊరికే నడిచేవాడు ఒక్కడే. మొదట్లో "ఎందాకండీ?" అని అడిగేవారు. "ఊరికేనండీ, నడకకి" అంటే నమ్మేవారు కాదు, పొలం బేరానికి వచ్చాననుకున్నారు.

గడ్డిమోపు దగ్గర ఒక పద్ధతుంది. కోసిన గడ్డి మోపు కట్టాక తల మీదికి ఎత్తుకోవడం ఒక్కరి వల్ల కాదు. దారిన పోయేవాడు ఎవడైనా సరే ఆగి చెయ్యి వేయాలి. పేరు అడగరు, థాంక్స్ చెప్పరు, "ఓ చెయ్యి వెయ్యి బాబూ" అంటే వేయాలి. నేను రోజుకి రెండు మోపులైనా ఎత్తుతాను, జిమ్ముకి డబ్బు మిగిలింది. మొన్నొక రోజు అలాగే ఒక మామ్మగారికి గట్టు కింద మోపు ఎత్తి, ఆవిడ వెనకాలే ఊరి వైపు వస్తున్నాను. చేలు దాటాక ఎడమ పక్కన రొయ్యల చెరువు, కుడి పక్కన ఇనుప కంచె, రెండూ మూడేళ్ళలో ఒకదానికొకటి ఎదురు జరుగుతూ వచ్చాయి, ఇప్పుడు కంచె మలుపులో మిగిలింది మనిషి పట్టే సందు. మోపు పట్టలేదు. ఆవిడ ముందుకి వెళ్తే ముళ్ళతీగకి గడ్డి చిక్కుకుంటోంది, పక్కకి తిరిగితే చెరువులోకి జారుతోంది. చివరికి మోపు దింపి, విప్పి, రెండు చిన్న మోపులు కట్టి, ఒకటి ఆవిడ ఒకటి నేను మోసుకొచ్చాం. "ఎందుకు మామ్మగారూ చెప్పరు ఎవరికీ?" అంటే, "ఎవరికి చెప్పాలి బాబూ, పుంతకి అయ్యా అమ్మా ఉన్నారా" అంది.

ఆ మాటతోనే నా ఉత్తరం అయిపోవాలి నిజానికి. కానీ మీకు లెక్కలు కావాలి కదా.

మర్నాడు మా మేనల్లుడిని తీసుకెళ్ళి టేపు పట్టించాను. చెరువు గట్టు దగ్గర ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. కంచె మలుపులో నాలుగడుగుల చిల్లర. పాత ఎఫ్ఎంబీ, అంటే సర్వే వాళ్ళ కొలతల పటం, నకలు తీయించాను, అందులో పుంత వెడల్పు 40 లింకులు వేసి ఉంది. ఈ తరం వాళ్ళకి లింకులు తెలియవు కాబట్టి చెబుతున్నాను, వంద లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు, ఆ లెక్కన 40 లింకులంటే 26 అడుగుల పైమాటే. రెండు బళ్ళు ఎదురుపడి తప్పుకునే దారి. ఆ దారిలో ఇప్పుడు కోత మిషను పట్టడం లేదు. పుంత అవతల చేలున్న రైతులు పది మంది దాకా ఉన్నారు, చిన్న కమతాలు, ఎక్కువ మంది కౌలు. మిషను రాదు కాబట్టి మనుషులతో కోయించి, మోయించి, కుప్ప వేయించి, ఆ ఖర్చంతా వాళ్ళే పడుతున్నారు. పక్క చేను వాళ్ళు గంటలో కోత అయిపోయి ఇంటికి పోతుంటే వీళ్ళు వాన మబ్బు వైపు చూస్తూ టెన్షన్ పడుతున్నారు. చెరువు తవ్విన వాళ్ళనీ కంచె వేసిన వాళ్ళనీ నేను తిట్టడం లేదు, ఊళ్ళో వాళ్ళమే, రేపు పెళ్ళిలో పక్క పక్కన కూర్చుని తినేవాళ్ళం. కాకపోతే వాళ్ళ దస్తావేజు ఒకసారి తీసి చూసుకోమనండి. హద్దుల దగ్గర 'సర్కారు పుంత' అని ఉంటుంది. మా కాగితాల్లోనూ అలాగే ఉంది. కొన్న భూమికి పుంత హద్దు అయినప్పుడు ఆ పుంతే భూమిలోకి ఎలా వచ్చింది?

ఇక వరద. 2022 జులై మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, మీలో కొందరు అప్పుడు ఈ ఉద్యోగాల్లో లేకపోవచ్చు. పెద్దవాళ్ళు 1986 ఆగస్టు గురించి చెబితే కథలా వినేవాళ్ళం, అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022లో అంత రాలేదు, 25 లక్షల పైన వచ్చింది, కానీ జులైలోనే వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17 లక్షల 75 వేలకి, అక్కడే మా లంక మునుగుతుంది. భద్రాచలంలో ఎన్ని అడుగులుందో ఫోన్లలో అడుక్కుంటూ, 53 దాటిందనగానే లంకలో ఉన్న గొడ్లని గట్టు మీదికి తోలడం మొదలుపెట్టారు. గట్టు మీద ఎంతసేపని ఉంటాయి, వానలో మేత లేదు, చూడివాటినీ దూడలనీ ఊళ్ళోకి తోలుకొచ్చేద్దామన్నారు. దారి ఇదే పుంత. అప్పటికి కంచె లేదు, చెరువు మాత్రం కొత్తగా తవ్వారు.

రాత్రి తొమ్మిది దాటింది. కరెంటు తీసేశారు. ముందు పోతున్న చూడిగేదె ఒకటి వెనకవాటి తోపుకి చెరువులో పడింది. గేదె మునగదు, ఈత వచ్చు. ఎక్కడమే రాలేదు. చెరువు గట్టుకి ఆ నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది చూడండి, గిట్ట పెడితే జారిపోతోంది, మళ్ళీ పెడితే మళ్ళీ జారిపోతోంది, ప్రతిసారీ షీటు మీద గోళ్ళు గీసుకున్న చప్పుడు. నలుగురు కుర్రాళ్ళు దిగి మోకు వేశారు, మేము పైనుంచి లాగాం, ఎవడో తెలివిగా గోనె సంచులు తెచ్చి షీటు మీద పరిచాడు, అప్పుడు కాలు ఆనింది. గంట పట్టింది. ఆ గంటసేపూ వెనక గొడ్లు ఆ వానలో అలాగే నిలబడి పోయాయి, ముందుకి దారి లేదు, వెనక్కి తిప్పే వెడల్పు లేదు. గేదె బతికింది, ఈనింది కూడా. ఆ తర్వాతే కంచె వచ్చింది. ఈసారి ఏమవుతుందో ఇంజనీరు గార్లు చెప్పాలి. ఎందుకంటే గట్టు తెగకుండా చూడటం ఎంత పనో, గట్టు మీదికి చేరిన ప్రాణం ఊళ్ళోకి రావడానికి దారి ఉండటం కూడా అంతే పని, అది గట్టుకి ఇవతల ఉన్నా సరే.

ఇప్పుడు సర్వేయరు గారికి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ఆగుతూ సాగుతూ మా ఊరికి వచ్చింది. మంచిదే, వందేళ్ళ నాటి కొలతలు ఎన్నాళ్ళు లాగుతాం. కానీ డ్రోను పైనుంచి చూస్తుంది. పైనుంచి మా పుంత సగం దూరం కొబ్బరి మట్టల కిందే ఉంది, మిగతా సగంలో కనపడేది చెరువు, కంచె. డ్రోను తప్పు కాదది, ఉన్నదే తీస్తుంది. తర్వాత గ్రౌండ్ ట్రూతింగ్ అని కింద నడిచి సరిచూస్తారు కదా, అప్పుడు రైతులకి నోటీసులు ఇస్తారు, ఫలానా రోజు మీ హద్దు దగ్గర ఉండండి అని. అందరూ వస్తారు, సెంటు కోసం గొంతులు పెంచుతారు, అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో వస్తాడు. మరి పుంత తరఫున ఎవరొస్తారు? వీఆర్వో గారు ఉంటారంటారా, ఆయన మొన్ననే బదిలీ మీద వచ్చారు, పుంత ఎక్కడ మొదలవుతుందో మేమే చూపించాం. ఎడమవైపు రైతు హద్దు చెప్పి, కుడివైపు రైతు హద్దు చెప్పి, ఇద్దరూ గొడవ పడకపోతే ఆ మధ్యలో ఉన్నది పోయినట్టే. కొత్త పటంలో నాలుగడుగులు ఎక్కిందంటే ఇక అది నాలుగడుగులే, నా 40 లింకుల నకలు గోడకి తగిలించుకోవాలి.

అందుకని మేం ఒక పద్నాలుగు మందిమి సంతకాలు పెట్టి ఇస్తున్నాం. పుంతకి నోటీసు మా పేర్ల మీద ఇవ్వండి. రూల్సులో అలాంటిది లేదంటారని తెలుసు. రూల్సులో ఉన్నది నేనూ చదివాను, 1905 నాటి భూ ఆక్రమణ చట్టం రెండో సెక్షన్లోనే రోడ్లు, సందులు, బాటలు, వాటి మీది వంతెనలు, పక్కనున్న కాలవలు, ఆఖరికి కంచెలతో సహా సర్కారువి అని రాసుంది. సుప్రీంకోర్టు కూడా 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తీయించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. కోర్టుకి వెళ్ళే ఉద్దేశం మాకు లేదు, పదేళ్ళు తిరిగే కాళ్ళు కావివి. మీరు కొలవడానికి వచ్చిన రోజు పుంత మొదలు నుంచి రేవు దాకా మొత్తం నడవండి, మేమూ వస్తాం, అంతే. నడిస్తే అన్నీ కనపడతాయి. జీపులో గట్టు మీదికి చుట్టూ తిరిగి వచ్చి అక్కడినుంచి చూస్తే ఏమీ కనపడదు.

పంచాయతీ పెద్దలకి వేరే మాట. మొన్న గ్రామసభలో నేను లేచి పుంత అనగానే, మన ప్రెసిడెంటు గారు ఉత్సాహంగా, అలాగేనండీ, వాకింగ్ ట్రాక్ చేసేద్దాం, టైల్స్ వేద్దాం, బెంచీలు పెడదాం, గట్టు మీద సెల్ఫీ పాయింట్ పెడదాం అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. అయ్యా, దండం పెడతాను, వద్దు. ఎర్ర గుండె బొమ్మ, పక్కన 'ఐ లవ్' అని ఊరి పేరు, రాత్రి పూట లైట్లు, అవి పట్నాల్లో చాలా ఉన్నాయి. టైల్స్ మీద గేదె జారుతుంది, ప్లాస్టిక్ షీటు కథ ఇప్పుడే చెప్పాను. సీసీ రోడ్డు కూడా వద్దు, సీసీ పడిన మర్నాటినుంచి ఇసుక ట్రాక్టర్లు రేవుకి దిగుతాయి, ఆ తర్వాత నడిచేవాడు పక్కకి తప్పుకోవడమే. మట్టి పోసి, బోదె మీద ఆ రెండు పైపులు వేసి, కొలిచిన హద్దు వెంట రాళ్ళు పాతితే చాలు. ఆ మట్టి పని ఉపాధి హామీలో చేయించుకున్న ఊళ్ళు చుట్టుపక్కల ఉన్నాయి, మీకు తెలుసు.

ఇంకొకటి అడగాలి. చెరువు పక్కన పుంత వారగా మూడు తాడిచెట్లు ఉండేవి. వాటికి గిజిగాళ్ళు గూళ్ళు కట్టేవి, నేను నడక మొదలుపెట్టిన ఏడాది లెక్కపెడితే ముప్ఫై పైన, సగం సగం అల్లి వదిలేసినవి కూడా కలిపి. మగపిట్ట అల్లి చూపిస్తుంది, ఆడపిట్టకి నచ్చకపోతే అలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది, మన సర్వేల్లాగా కాదు, ఇక్కడ వదిలేసినా ఇంకోటి పూర్తవుతుంది. రాలిన గూడు ఒకటి విప్పి చూస్తే లోపల గోడకి తడిమట్టి ముద్దలు అంటించి ఉంది. గిరుక్కున తిరగకుండా బరువుకని కొందరంటారు. ఆ మూడు చెట్లూ పోయినేడాది కొట్టేశారు, పిట్టలు చెరువు మీద వాలతాయని. సర్కారు పుంతలో చెట్టు కొట్టడానికి ఎవరు పర్మిషన్ ఇచ్చారని అడిగితే, అసలు అక్కడ చెట్లున్నట్టు రికార్డులో లేదన్నారు. కొట్టిన మొదళ్ళు ఇంకా ఉన్నాయి, నడిచేటప్పుడు చూపిస్తాను.

నేను మాత్రం శుద్ధంగా ఉన్నానని చెప్పుకోవడం లేదు. టేపు పట్టిన రోజున, మా తోట దగ్గర కూడా కొలుద్దాం మావయ్యా అన్నాడు మేనల్లుడు. కాదనడానికి మొహం చెల్లలేదు. కొలిస్తే మా కొబ్బరి చెట్లు ఏడు పుంతలోనే ఉన్నాయి. మా నాన్న పాతినవి, వరసగా, తాడు పట్టినట్టు, ఆయన కావాలని పాతారో తెలియక పాతారో ఇప్పుడు అడగలేను. ఇంట్లో చెబితే మా అమ్మ ఒకరోజంతా మాట్లాడలేదు, మర్నాడు, "అయితే నీ పద్నాలుగు సంతకాల్లో నీది ముందు పెట్టు" అంది. పెట్టాను.

ఆ ఏడు చెట్లూ కొట్టేయమంటే కొట్టేస్తాం, పంచాయతీ పేరున రాసుకుంటామంటే రాసుకోండి, దారికి అడ్డం రానివి ఉంచి నీడకి వదిలేస్తామన్నా మంచిదే. అది తేలే లోపు, కిందటి వారం దింపు తీయించాం. ఏడు చెట్లకీ కలిపి డెబ్భై మూడు కాయలు దిగాయి. విడిగా కుప్ప వేసి ఉంచాను, ఎవరి ఆఫీసుకి పంపాలో చెప్పండి.

ఇట్లు,
రేవు పుంతలో రోజూ నడిచేవాడు